టమాటా డబ్బాతో మొదలైన మోటార్ సైకిల్

మన గోడపత్రికలో గొప్పవాళ్ళ జీవితాలు రాసే చోటు ఈసారి నాకు ఇచ్చారు. అందరికీ తెలిసినవాళ్ళ గురించి ఇదివరకే రాసేశారు. అందుకని నేను మోటార్ సైకిళ్ళు చేసిన ఒకాయన గురించి రాస్తున్నాను. పేరు గ్లెన్ కర్టిస్. అమెరికా దేశస్థుడు. విమానాల పుస్తకాల్లో ఈ పేరు పెద్దగా ఉంటుంది. కానీ విమానాల కంటే ముందు ఒక చిన్న ఊళ్ళో, చిన్న షెడ్డులో మోటార్ సైకిళ్ళు చేసి అమ్మేవాడు. నాకు ఆ భాగమే ఎక్కువ నచ్చింది. ఎందుకు నచ్చిందో మధ్యలో చెప్తాను.

పెద్దవాళ్ళని ఆయన, గారు అని రాయాలని తెలుగు టీచరు గారు చెప్తారు. కానీ ఇతన్ని నేను ముందుగా 8వ తరగతి పిల్లవాడిగా తెలుసుకున్నాను. అందుకని గ్లెన్ అనే రాస్తాను. తప్పయితే క్షమించండి.

గ్లెన్ 1878 మే 21న హామండ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. అది న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. న్యూయార్క్ అంటే మనకి ఫోటోల్లో ఆకాశాన్ని తాకే మేడలే కనిపిస్తాయి కదా, ఈ ఊరు అట్లాంటిది కాదు. క్యూకా అనే సరస్సు ఒడ్డున ఉంటుంది. ఆ సరస్సు ఇంగ్లీషు వై అక్షరంలాగా రెండు పాయలుగా చీలి ఉంటుంది. చుట్టూ కొండలు, కొండవాలు మీద ద్రాక్ష తోటలు. గ్లెన్ నాన్న గుర్రాలకి కట్టే తోలు పట్టీలు, జీనులు కుట్టే పని చేసేవాడు. గ్లెన్ బాగా చిన్నప్పుడే ఆ నాన్న చనిపోయాడు. అమ్మ, నాన్నమ్మ, చెల్లెలు మిగిలారు.

చెల్లెలి పేరు రూథా. ఆమెకి చిన్న వయసులో జబ్బు చేసి చెవులు వినపడకుండా పోయాయి. చెవిటి పిల్లలకి చదువు చెప్పే బడి రాచెస్టర్ అనే పట్నంలో ఉంది. వాళ్ళమ్మ ఆ అమ్మాయి చదువు కోసం ఊరు వదిలి రాచెస్టర్ వెళ్ళింది. ఆ బడిలో ఒక ప్రత్యేక పద్ధతి ఉండేది. మాట పలుకుతూనే దాని అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా వేళ్ళతో చూపించేవాళ్ళు. పిల్లలు పెదాలు చూసి, వేళ్ళు చూసి నేర్చుకునేవాళ్ళు. ఇప్పటికి 130 ఏళ్ళ పైమాట ఇది. చెవులు వినపడని ఆడపిల్లకి చదువు ఎందుకులే అని ఆ తల్లి అనుకోలేదు చూడండి.

గ్లెన్ చదువు మాత్రం 8వ తరగతితో ఆగిపోయింది. పనిలోకి వెళ్ళాడు.

రాచెస్టర్‌లో ఈస్ట్‌మన్ వాళ్ళ కంపెనీలో చేరాడు. అదే తర్వాత కొడాక్ అయ్యింది, కెమెరా రీళ్ళ కంపెనీ. ఫిల్ముకి వెనకాల చుట్టే కాగితం మీద నంబర్లు వేయటం అక్కడ పిల్లల పని. ఒక్కొక్క నంబరూ చేత్తో వేయాలి. గ్లెన్‌కి విసుగు పుట్టిందో ఏమో, ఒకేసారి చాలా నంబర్లు పడేలాగా చిన్న సాధనం ఒకటి తయారుచేశాడు. పని ఎన్నో రెట్లు పెరిగింది. తర్వాత వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాం కంపెనీలో సైకిలు మీద తంతి కాగితాలు పంచే పని చేశాడు. ఆ సైకిలుతోనే వేగం మీద ఇష్టం మొదలైంది. మళ్ళీ హామండ్స్‌పోర్ట్ నాన్నమ్మ దగ్గరికి వచ్చి సైకిలు పందేల్లో పాల్గొని గెలిచేవాడు. 1898లో, ఇరవై ఏళ్ళు నిండకముందే, లీనా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి పుట్టిన మొదటి కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. 1900లో సైకిళ్ళ దుకాణం పెట్టాడు. తను అమ్మే సైకిళ్ళకి హెర్క్యులిస్ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. సైకిలు తొక్కితేనే కదా పోతుంది. తొక్కకుండా పోవాలంటే ఇంజను కావాలి. 1901లో గ్లెన్ బఫెలో పట్నంలో థామస్ అనే ఆయన కంపెనీ నుంచి ఒక చిన్న ఇంజనుకి సంబంధించిన పోత భాగాలు తెప్పించాడు. ఇంజను కాదు, ఇంజను భాగాలు. వాటిని సానపట్టి, రంధ్రాలు వేసి, అన్నీ కలిపి బిగించుకోవాలి. ఎట్లా బిగించాలో చెప్పే కాగితం లేదు. కార్బురేటర్ కూడా లేదు.

కార్బురేటర్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఇంజనులో పెట్రోలు నీళ్ళలా పోస్తే అది నడవదు. పెట్రోలు ఆవిరిలాగా, సన్నటి తుంపరలాగా మారి గాలితో కలవాలి. అప్పుడే ప్లగ్గులో నిప్పురవ్వ పడగానే భగ్గుమని మండి పిస్టన్‌ని నెడుతుంది. అట్లా కలిపే వస్తువే కార్బురేటర్. ఈమధ్య వచ్చే కొత్త బండ్లలో అది లేదు, వేరే పద్ధతి వచ్చింది. పాత బండ్లన్నిటికీ ఉంటుంది.

మరి గ్లెన్ ఏం చేశాడంటే, టమాటా సూపు అమ్మే రేకు డబ్బా ఒకటి తీసుకున్నాడు. దాని లోపల సన్నటి జాలీగుడ్డలాంటి వల పెట్టాడు. పెట్రోలు ఆ జాలీని పట్టుకుని పైకి పాకుతుంది. కిరసనాయిలు బుడ్డిలో వత్తి చమురుని పైకి పీల్చుకుంటుంది కదా, అదే సూత్రం. మన భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని ఇంత పెద్ద మాట ఉంటుంది, అది ఇదే. జాలీ అంతా పెట్రోలుతో తడుస్తుంది, గాలి దాని మీదుగా పోతూ ఆవిరిని తీసుకుపోతుంది. అంతే. ఇంజను నడిచింది.

బాగా నడిచిందని కాదు. మొదటి ఇంజనుకి బలం చాల్లేదు. ఇంకో పెద్దది తెప్పించాడు. అది మరీ బరువు, మరీ మొరటుగా ఉండి సైకిలు చట్రాన్ని ఊపేసింది. మూడోది ఎవరి దగ్గరా కొనలేదు. తేలిగ్గా ఉండాలి, బలంగా ఉండాలి అని తనే లెక్కలు వేసుకుని చేశాడు. 1902 నుంచి తన ఇంజనుతో మోటార్ సైకిళ్ళు చేసి అమ్మటం మొదలుపెట్టాడు. అప్పటి బండికి ఇప్పటిలా చైను ఉండేది కాదు. ఇంజను నుంచి వెనక చక్రానికి బెల్టు ఉండేది. చూడటానికి సైకిలే, మధ్యలో ఇంజను కూర్చోబెట్టినట్టు ఉంటుంది. తర్వాత రెండు సిలిండర్లని వి ఆకారంలో పెట్టి ఇంకో రకం చేశాడు. అమెరికాలో అట్లాంటివి అమ్మకానికి వచ్చిన మొదటి వాటిల్లో అది ఒకటి. హెర్క్యులిస్ అనే పేరు ఇంకో కంపెనీకి ఉందని తెలిశాక బండ్లకి కర్టిస్ అనే తన ఇంటిపేరే పెట్టాడు.

తన బండ్ల గురించి చెప్పుకోటానికి గ్లెన్ ఒక్కటే దారి ఎంచుకున్నాడు. తనే ఎక్కి పందెంలో గెలవటం. 1903 మే 30న న్యూయార్క్ దగ్గర కొండ ఎక్కే పందెంలో గెలిచాడు. అదే ఏడాది ఇంకో చోట మైలు దూరాన్ని నిమిషం లోపే దాటాడు. గంటకి 64 మైళ్ళు, అంటే 103 కిలోమీటర్లు. ఎవరికీ తెలియని ఊరు నుంచి వచ్చినవాడు పెద్ద కంపెనీల బండ్లని ఓడించాడు. దాంతో ఆర్డర్లు వచ్చాయి. 1905లో కంపెనీ పెట్టి రిజిస్టర్ చేయించాడు. పనివాళ్ళు చాలామంది ఆ ఊరి వాళ్ళే.

నాకు ఇది ఎందుకు నచ్చిందో చెప్తానన్నాను. మా అన్న కూడా 8వ తరగతితో ఆపేశాడు. ఇప్పుడు సంత జరిగే ఊళ్ళో మోటార్ సైకిళ్ళు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. నేను సెలవులకి వెళ్తే పానాలు అందిస్తూ పక్కన కూర్చుంటాను. కార్బురేటర్ విప్పి, పళ్ళెంలో పెట్రోలు పోసి, ఒక్కో ముక్క కడిగి వరసగా పెడతాడు. ఏ ముక్క ఎక్కడిదో ఎప్పుడూ తికమక పడడు. మా గూడెంలో మా ఇంటి నుంచి 9వ తరగతికి వచ్చినది నేనే మొదటిదాన్ని. ఇద్దరినీ చదివించే పరిస్థితి ఉంటే అన్న ఆపేవాడు కాదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. రూథా బడి గురించి, గ్లెన్ పని గురించి ఒకే పేజీలో చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు. గ్లెన్ చెల్లెలి కోసమే బడి మానాడని పుస్తకంలో లేదు. నాకు అట్లా అనిపించింది, అంతే.

ఈ కథ మా గదిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి వెంటనే, చూశావా, చదువు లేకపోయినా గొప్పవాడయ్యాడు కదా అంది. నేను ఒప్పుకోలేదు. అతనికి పోత ఇనుము తెప్పించుకునే దారి ఉంది. వెనక్కి వచ్చి ఉండటానికి నాన్నమ్మ ఇల్లు ఉంది. మొదటి ఇంజను పనికిరాకపోతే రెండోది తెప్పించుకోగలిగాడు. మొదటిదానికే డబ్బులు చాలక ఆగిపోయినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉండవు. పైగా అతను చదువు మానలేదు, బడి మానాడు. అవి రెండూ వేరు.

సరే, ఇప్పుడు 1907 జనవరి 24. ఈ రోజు గురించి తీరిగ్గా చెప్పాలి.

అప్పటికి గ్లెన్ ఇంజన్లు ఆకాశంలోకి కూడా వెళ్ళాయి. ఎట్లాగంటే, గాలి బుడగలాంటి ఓడలు నడిపే బాల్డ్‌విన్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఒక మోటార్ సైకిల్ చూశాడు. దానికున్న గ్లెన్ ఇంజను నచ్చి అట్లాంటిదే కావాలని ఆర్డరు ఇచ్చాడు. ఆకాశంలోకి పోయేదానికి తేలికైన ఇంజను కావాలి, మోటార్ సైకిలుకి కూడా తేలికైనదే కావాలి. 1904లో బాల్డ్‌విన్ గాలి ఓడ ఆ ఇంజనుతో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో ఎగిరింది. అట్లా గాల్లో ఎగిరేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఇంజన్ల కోసం హామండ్స్‌పోర్ట్ వచ్చారు. వాళ్ళ కోసం గ్లెన్ 8 సిలిండర్ల ఇంజను ఒకటి చేశాడు. నాలుగు ఇటు, నాలుగు అటు, వి ఆకారంలో. 40 హార్స్ పవర్. మన ఊళ్ళల్లో తిరిగే మామూలు 100 సీసీ బండికి 8 హార్స్ పవర్ ఉంటుంది. దానికి ఐదింతలన్నమాట.

ఆ ఇంజనుని గ్లెన్ మోటార్ సైకిల్ చట్రంలో పెట్టాడు. మొత్తం బండి బరువు 125 కిలోలు. గేర్లు లేవు. బెల్టు ఆ బలానికి ఆగదు కాబట్టి ఇంజను నుంచి వెనక చక్రానికి ఇనుప కడ్డీ పెట్టాడు. దాన్ని ఫ్లోరిడాలో ఆర్మండ్ బీచ్ అనే సముద్రపు ఒడ్డుకి తీసుకుపోయాడు. అక్కడ అల వెనక్కి పోయాక ఇసుక గట్టిగా, రోడ్డులా ఉంటుంది. వేగం పందేలన్నీ అప్పట్లో అక్కడే. అంతకు ముందు ఏడాది, 1906లో, అదే ఒడ్డు మీద ఆవిరితో నడిచే కారు ఒకటి గంటకి 127 మైళ్ళు పోయింది. అంతకు మించి ఏ కారూ పోలేదు.

గ్లెన్ ముందుకి వంగి, దాదాపు పడుకున్నట్టు కూర్చున్నాడు. వేగం అందుకోటానికి రెండు మైళ్ళు వదిలారు. తర్వాత కొలిచిన మైలు వచ్చింది. ఆ మైలు 26.4 సెకన్లలో అయిపోయింది. మనం ప్రార్థనలో జాతీయగీతం 52 సెకన్లలో పాడతాం. అందులో సగం పాడేలోపల అతను 1.6 కిలోమీటర్లు దాటేశాడు. గంటకి 136.36 మైళ్ళు, అంటే 219 కిలోమీటర్లు. ఆపటానికి ఇంకో మైలు పట్టింది.

తిరిగి రెండోసారి వస్తుంటే ఇనుప కడ్డీ కీలు విరిగింది. అంత వేగంలో ఆ కడ్డీ ఊడి కొట్టుకుంటూ తిరిగింది, చట్రం వంగిపోయింది. మా అన్నకి ఇక్కడి దాకా చెప్తే చేతిలో పని ఆపేశాడు. అట్లా విరిగితే మనిషి బతకడు. కానీ గ్లెన్ పడిపోకుండా పట్టుకుని బండిని నిలబెట్టాడు. దెబ్బ తగల్లేదు. రెండోసారి పరుగు పూర్తి కాలేదు, ఆ ఇంజను మామూలు బండ్ల కొలతలకి సరిపోదు. అందుకని దాన్ని అధికారిక రికార్డుగా రాసుకోలేదు. అయినా పత్రికలు ప్రపంచంలో అందరికంటే వేగంగా పోయిన మనిషి ఇతనే అని రాశాయి. ఆ వేగాన్ని ఇంకో మోటార్ సైకిల్ దాటటానికి 23 ఏళ్ళు పట్టింది. ఆ బండి ఇప్పటికీ ఉంది. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ళ విమానాల మ్యూజియంలో పెట్టారు. గ్లెన్ మళ్ళీ దాని జోలికి పోలేదు.

విమానాల సంగతి మీరు వేరే పుస్తకాల్లో చదువుకోవచ్చు, నేను త్వరగా చెప్పేస్తాను. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ గారు 1907 అక్టోబరులో విమానాలు చేయటానికి ఐదుగురితో సంఘం పెట్టి గ్లెన్‌ని పిలిచారు. అందులో ఇద్దరు టొరంటో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన కుర్రాళ్ళు, ఒకాయన సైన్యాధికారి. 8వ తరగతి గ్లెన్ వాళ్ళ మధ్య కూర్చున్నాడు. సంఘానికి డబ్బు ఇచ్చింది బెల్ గారి భార్య మేబెల్ గారు. ఆమెకి కూడా చిన్నప్పుడు జబ్బు చేసి చెవులు పోయాయి. పెదాలు చూసి మాట తెలుసుకునేది. చెల్లెలితో పెరిగినవాడు కాబట్టి గ్లెన్‌కి ఆమెతో మాట్లాడటం కొత్తగా అనిపించి ఉండదు. ఇది పుస్తకంలో రెండు లైన్లే ఉంది, కానీ నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

1908 జులై 4న హామండ్స్‌పోర్ట్‌లో జూన్ బగ్ అనే విమానాన్ని జనం ముందు కిలోమీటరు పైన ఎగరేసి గ్లెన్ బహుమతి గెలిచాడు. 1909లో ఫ్రాన్సులో పందెం గెలిచాడు. 1910లో ఆల్బనీ నుంచి న్యూయార్క్ దాకా నది మీదుగా ఎగిరి 10,000 డాలర్లు తెచ్చుకున్నాడు. 1911లో నీళ్ళ మీద నుంచి లేచి నీళ్ళ మీదే దిగే విమానం నడిపాడు. ఈ పనులన్నిటి మధ్య మోటార్ సైకిళ్ళు వెనకబడిపోయాయి. కొన్నేళ్ళకి ఆ ఊళ్ళో బండ్ల తయారీ ఆగిపోయింది. నాకు ఇది కొంచెం బాధగా ఉంది.

రైట్ సోదరులతో పెద్ద తగాదా కూడా వచ్చింది. విమానాన్ని అటూ ఇటూ వాలకుండా అదుపు చేసే పద్ధతి తమదని వాళ్ళు 1909లో కేసు వేశారు. 1914లో కోర్టు రైట్ల పక్కనే తీర్పు చెప్పింది. 1917లో యుద్ధం వచ్చాక కంపెనీలన్నీ పేటెంట్లు కలిపి వాడుకునే ఏర్పాటు చేసుకుని తగాదా ముగించాయి. వాళ్ళదీ సైకిళ్ళ దుకాణమే, ఇతనిదీ సైకిళ్ళ దుకాణమే. ఒక్క సంగతి మాత్రం గ్లెన్‌ది నాకు నచ్చలేదు. లాంగ్లీ అనే శాస్త్రవేత్త విమానం 1903లో ఎగరలేక నదిలో పడింది. రైట్ల కంటే ముందు అదే ఎగరగలిగేదని చూపించటానికి 1914లో గ్లెన్ దాన్ని బాగుచేసి ఎగరేశాడు. కానీ లోపల చాలా మార్పులు చేశాడు. ఆ మార్పుల సంగతి సరిగ్గా చెప్పకుండా స్మిత్‌సోనియన్ వాళ్ళు ఏళ్ళ తరబడి దాన్నే గొప్పగా చెప్పారు. 1942లో గానీ ఒప్పుకోలేదు. గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇట్లాంటివి వదిలేస్తారు. నేను వదిలేస్తే మా గదిలో ఆ అమ్మాయి పట్టుకుంటుంది.

గ్లెన్ 1930 జులై 23న బఫెలోలో చనిపోయాడు. కడుపులో అపెండిసైటిస్‌కి ఆపరేషన్ చేశారు, కోలుకుంటుండగా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి ప్రాణం పోయింది. 52 ఏళ్ళు. హామండ్స్‌పోర్ట్‌లోనే పూడ్చారు. ఆ ఊళ్ళో ఇప్పుడు అతని పేరుతో మ్యూజియం ఉంది.

ఇదంతా సంక్రాంతి సెలవుల్లో షెడ్డు దగ్గర మా అన్నకి చదివి వినిపించాను. ఫ్రాన్సు పందెం, 10,000 డాలర్లు, ఇవేవీ పట్టించుకోలేదు. డబ్బాలో జాలీ ఎట్లా పెట్టాడో అక్కడ మళ్ళీ చదవమన్నాడు. రెండుసార్లు చదివాను. తర్వాత ఒక పాత బిల్లు కాగితం వెనక పెన్సిలుతో గీసి, గాలి ఇటు నుంచి వస్తుంది, పెట్రోలు ఇక్కడి దాకా ఎక్కుతుంది అని బాణం గుర్తులు వేశాడు. కింద కుడిపక్క అంటించిన బొమ్మ అదే. దాని మీద మరక గ్రీజుది, నాది కాదు. జాలీ గీతలు మాత్రం నేను ఎర్ర స్కెచ్ పెన్నుతో దిద్దాను.